లెక్కలోకి రావలసిన పిల్లలు
(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేళ్ళ పండుగలో కట్టిన గుళ్ళను గూర్చి, స్థాపించిన బడులను, ఆస్పత్రులను గూర్చి పెద్దలు చాలా చెప్పారు. మమ్మల్ని మాత్రం లెక్కలను గూర్చి మాట్లాడమన్నారు. అదికూడ బడిలో మార్కులు తెచ్చే పిల్లల లెక్కలు కాదు. నేర్చుకొనడంలో వెనుకబడిన పిల్లల లెక్కలు. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అని మేము మొదట జంకాము. తరువాత ఆలోచించగా, నూరు అనేది కూడ ఒక లెక్కే గదా, ఆ నూరులో ఎవరిని కలుపుకొన్నాము, ఎవరిని విడిచిపెట్టాము అని అడుగవలసిన రోజు ఇదే అని తోచింది.

మేము కొందరము ఉపాధ్యాయులము, కొందరము తల్లులము. మా గుడి ప్రక్క హాలులో వారానికి నాలుగు సాయంత్రాలు ఈ పిల్లలను కూర్చోబెట్టి చదువు చెబుతున్నాము. మేధో వైకల్యము గలవారు, డౌన్ సిండ్రోముతో పుట్టినవారు, ఆటిజము గలవారు, తెలివి ఉండికూడ అంకెలు మాత్రము తలకెక్కనివారు మా దగ్గర ఉన్నారు. మేము పండితులము కాము. చేసిన తప్పులు, వాటివలన నేర్చుకొన్న సంగతులు మీతో చెప్పుకొనడానికే వచ్చాము.

తప్పిపోయిన గొర్రె ఉపమానము మన సండేస్కూలు పిల్లలందరికి వచ్చు. ఆ కాపరి ప్రేమను గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాము. గాని ఒక చిన్న సంగతి గమనించండి. నూరింటిలో ఒకటి తక్కువైనదని ఆ కాపరికి ఎట్లు తెలిసినది? సాయంత్రము లెక్క పెట్టాడు గనుక తెలిసినది. లెక్కపెట్టని కాపరికి ఏ గొర్రె తప్పిపోదు. మన తెలుగులో లెక్కపెట్టడము అన్నా, ఒక మనిషిని లెక్కచేయడము అన్నా మాట ఒకటే. ఈ పిల్లలకు లెక్క నేర్పడము, వారిని మన లెక్కలోకి తీసుకొనడము, ఈ రెండును విడదీయరానివి అని మేము చెప్పదలచుకొన్న సంగతి.

ముందుగా మా తప్పు ఒప్పుకొంటాము.

మా దగ్గరకు ఒక లంక గ్రామమునుండి పదహారేళ్ళ అబ్బాయి వచ్చేవాడు. వానికి రెండవ ఎక్కమునుండి పన్నెండవ ఎక్కము వరకు తప్పులేకుండ వచ్చు. రెండు సంవత్సరాలు కష్టపడి మేమే నేర్పాము. క్రిస్మసు కార్యక్రమములో వానిచేత ఎక్కాలు చెప్పించాము. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మాకును గర్వముగా ఉన్నది. ఆ తరువాత కొద్ది రోజులకు వాళ్ళ అమ్మ సబ్బు తెమ్మని వానిచేతికి అయిదు వందల నోటు ఇచ్చి కొట్టుకు పంపింది. వాడు నోటు ఇచ్చాడు, సబ్బు తీసుకొన్నాడు, ఇంటికి వచ్చేశాడు. చిల్లర అనేది ఒకటి వస్తుందని వానికి తెలియదు. ఆ కొట్టు ఆయన మంచివాడు గనుక సాయంత్రము స్వయముగా వచ్చి మిగిలిన డబ్బు ఇచ్చి వెళ్ళాడు. మరునాడు ఆ తల్లి మా దగ్గరకు వచ్చి, కోపము లేకుండానే ఒక మాట అడిగింది: "ఎక్కాలు వచ్చినాయండి టీచరుగారూ, బ్రతకడం ఎప్పుడొస్తాదండి?"

మాకు జవాబు తోచలేదు. మేము వానికి నేర్పినది లెక్క కాదు, పాట. అయిదు ఏళ్ళు ముప్పై అయిదు అనేవాడేగాని, ముప్పై అయిదు రూపాయలు ఎంతో వానికి తెలియదు. చప్పట్లు వచ్చాయి గనుక చదువు వచ్చినదనుకొన్నాము.

అప్పుడు మేము ఈ విషయము తెలిసినవారిని ఆశ్రయించాము. మేము క్రొత్తగా కనుగొన్నామనుకొన్నది చాలా పాత సంగతి అని తెలిసినది. మాంటిస్సోరి అమ్మగారి పేరు మీరు వినే ఉంటారు. ఇప్పుడు ఆమె పేరుతో నడిచే బడులకు బాగా కలవారి పిల్లలు వెళుతున్నారు. గాని ఆమె తన పని మొదలుపెట్టినది రోము నగరములో, చదువు రాదని అందరు వదిలివేసిన పిల్లల మధ్యనే. చేతితో పట్టుకొనే పూసలతో, కొయ్య ముక్కలతో లెక్క నేర్పడము అక్కడనుండి పుట్టినది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చారు. ఆ మద్రాసులోనే 1975లో జయచంద్రన్, విమల అనువారు మన దేశపు పిల్లలకొరకు ఒక పరిశీలన పట్టిక తయారుచేశారు. అది పిల్లవాని తెలివిని ఒక్క అంకెతో తేల్చదు. 18 రంగాలలో, రంగానికి 20 చొప్పున 360 పనులు వ్రాసి, వాటిలో పిల్లవాడు ఏది చేయగలడు, ఏది ఇంకను చేయలేడు అని చూస్తుంది. అన్నము తినడము, బట్టలు తొడుగుకొనడము మొదలుకొని డబ్బు, కాలము వరకు అందులో ఉన్నాయి. 1984లో సికింద్రాబాదులో ఈ పిల్లలకొరకు జాతీయ సంస్థ ఏర్పడినది. మన తెలుగు ప్రాంతాల ప్రత్యేక ఉపాధ్యాయులలో చాలామందికి ఆ సంస్థ శిక్షణ, పుస్తకాలే ఆధారము. మన డెల్టాలో కాకినాడలోని ఉమా మనోవికాస కేంద్రము వంటివి ఎన్నో ఏళ్ళుగా ఈ సేవ చేస్తున్నాయి.

చట్టము కూడ మారినది. 1995 చట్టము, 2009 విద్యాహక్కు చట్టము, తరువాత 2016 చట్టము వచ్చాయి. 2016 చట్టము 21 రకముల వైకల్యాలను గుర్తించినది. అంకెలు, అక్షరాలు పట్టుబడని ప్రత్యేక అభ్యసన వైకల్యము కూడ అందులో చేరినది. నలభై శాతము లేక అంతకు మించి వైకల్యము గల పిల్లలకు ఆరు నుండి పదునెనిమిది ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు అన్నది. మన మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. 2011 జనాభా లెక్కలలో దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది, అందులో మేధో వైకల్యము గలవారు సుమారు 15 లక్షలమంది అని తేలినది. ప్రభుత్వము ఒకసారి లెక్క పెట్టినది. మన సంఘాల జాబితాలలో వీరు ఎంతమంది? ఆ ప్రశ్నకు చివరను వస్తాము.

ఇక ఏ లెక్కలు నేర్పాలి, ఎట్లు నేర్పాలి అన్నది చెబుతాము.

మొదటిది, ఒకటికి ఒకటి జతపరచడము. ఒకటి, రెండు, మూడు అని వల్లించడము వేరు, ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అంకె వేయడము వేరు. ఇది రానివానికి తక్కిన లెక్క ఏదీ రాదు. దీనికి మన ఇళ్ళలో ఉన్న సాధనము వామనగుంటల పీట. గుంటకొక చింతపిక్క వేసుకొంటూ పోవాలి. చెయ్యి తొందరపడితే పిక్క తప్పుతుంది, ఆట పోతుంది. పుస్తకము ముందు అయిదు నిముషాలు కూర్చోని పిల్లవాడు ఈ పీట ముందు అరగంట కూర్చున్నాడు. ఇంట్లో అయితే కంచాలు పెట్టించండి. నలుగురికి నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు. ఒకటి తక్కువైతే ఎవరో ఒకరు "నాకేదిరా?" అంటారు. అంతకంటె మంచి పరీక్ష ఏమున్నది? కడియము నర్సరీలకు పనికి వెళ్ళే ఒక అబ్బాయికి నూరు వరకు లెక్క రాదు. గాని వరుసకు పది సంచులు పేర్చి, పది వరుసలు నిండగానే కేక వేస్తాడు. వాని కేకతో వాని నూరు పూర్తి అయినట్లే.

రెండవది డబ్బు. ఇక్కడ మేము చాలా ఆలస్యముగా తెలుసుకొన్న సంగతి ఏమంటే, కాగితపు నోట్ల బొమ్మలతో డబ్బు రాదు. నిజమైన డబ్బుతో, నిజమైన కొట్టులో వస్తుంది. మొదట నోటును రంగునుబట్టి, అంకెనుబట్టి గుర్తుపట్టించాలి. తరువాత మేము వాడే ఉపాయము ఇది: కొట్టు ఆయన "ముప్పై ఏడు" అంటే, మూడు పదులు లెక్కపెట్టి, పైన ఇంకొక పది వేసి ఇవ్వడము. కూడిక, తీసివేత ఏదీ అక్కరలేదు. విన్న మాటలో పదులు ఎన్నో అన్ని నోట్లు, పైన ఒకటి. పైన ఇచ్చినప్పుడు చెయ్యి చాపి చిల్లరకు నిలబడాలి. ఈ నిలబడడము మేము విడిగా నేర్పుతాము. సబ్బు తీసుకొని వచ్చేసిన అబ్బాయికి లోపించినది తీసివేత కాదు, ఆ అరనిముషము నిలబడడమే.

ఇందులో మన ఊళ్ళకు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. మేము తెలుగులో ముప్పై, నలభై అని నేర్పుతుంటే, కొట్టులో "థర్టీ, ఫార్టీ" అంటున్నారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అన్నవి మనకే ఒక్కొక్కసారి ఒకటిగా వినిపిస్తాయి. కాబట్టి రెండు విధాలుగాను చెవికి అలవాటు చేయాలి, లేదా కొట్టువారిని ధర వ్రాసి చూపించమని బ్రతిమాలాలి. రెండవ చిక్కు పది రూపాయల నాణెము. అది చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా కొన్ని కొట్లలో తీసుకోరు. పిల్లవాడు సరిగా లెక్కపెట్టి నాణెము ఇస్తే "ఇది చెల్లదు" అని త్రిప్పి పంపుతారు. వాడు మాత్రము తన లెక్కే తప్పనుకొంటాడు. దయచేసి ఈ సభలో వ్యాపారస్తులున్నయెడల ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనండి.

చూపులేని పిల్లలకు నోటు పొడవు, అంచున ఉబ్బుగా ఉన్న గీతలు ఆధారము. నూరు నోటుమీద నాలుగు గీతలు, అయిదు వందల నోటుమీద అయిదు. క్రొత్త నోటుమీద అవి బాగా తగులుతాయి, నలిగిన నోటుమీద తగలవు. రెండు వందల నోటు అయిదు వందల నోటుకంటె 4 మిల్లీమీటర్లు మాత్రమే పొట్టి. కాబట్టి ఆ పిల్లలకు మడత పద్ధతి నేర్పుతాము. నూరు మడవకుండ, రెండు వందలు ఒక మడత, అయిదు వందలు రెండు మడతలు.

ఇప్పుడు చాలామంది ఫోనుతో చెల్లిస్తున్నారు. డబ్బు కంటికి కనబడదు, చేతికి బరువు తెలియదు. ఈ పిల్లలకు ముందు నోటు, తరువాతనే ఫోను అని మా అనుభవము. ఫోను ఇచ్చినా అందులో కొద్ది డబ్బే ఉంచాలి. రహస్య సంఖ్య ఎవరికి చెప్పకూడదో, అమ్మకు మాత్రమే చెప్పవచ్చో, పదిసార్లు ఆటగా ఆడించి నేర్పాలి.

మూడవది కాలము. గడియారపు రెండు ముల్లులు ఈ పిల్లలకు పెద్ద పరీక్ష. ముందు రోజును పనులతో కట్టాలి. గుడి మొదటి గంట అయితే స్నానము, రెండవ గంట అయితే బయలుదేరడము. ఈ రెండు గంటలతోనే మా పిల్లలలో కొందరు "ముందు, తరువాత" అనే మాటలు నేర్చుకొన్నారు. మూర్ఛకు మందులు వాడే పిల్లలున్నారు. వారికి ఉదయము మాత్ర ఎర్ర డబ్బాలో, రాత్రి మాత్ర నల్ల డబ్బాలో. డబ్బా ఖాళీ అయినదా లేదా చూసుకొనడము ప్రాణానికి సంబంధించిన లెక్క.

నాలుగవది కొలత. మన పెద్దలకు గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము ఉండేవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. ఆ కొలతలు కాగితముమీద కాదు, పాత్రలలో ఉండేవి. సగము అంటే ఏమిటో కంటికి కనబడేది. అందుకే మేము గ్రాములు, లీటర్లు ప్రక్కనబెట్టి గ్లాసు పట్టుకొన్నాము. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. కుక్కరు మూడు కూతలు వేస్తే పొయ్యి ఆర్పాలి. పొయ్యి గట్టుమీద మూడు చింతపిక్కలు పెట్టి, కూతకొకటి ప్రక్కకు జరపమన్నాము. మూడవ పిక్క జరగగానే చెయ్యి పొయ్యి మీటమీదకు వెళుతుంది. ఒక అమ్మాయి ఈ విధముగా అన్నము వండి, తల్లి పొలమునుండి వచ్చేసరికి మూతపెట్టి కూర్చున్నది. ఆ తల్లి ఆ అన్నము తినకుండా చాలాసేపు చూస్తూ కూర్చున్నదట.

నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు సంఘాలవారికి లేసు పని క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. ఆ పనిలో కూలి గిట్టని కష్టము కూడ మనకు తెలుసు. మేము చెప్పేది వేరు. అక్షరము రాని స్త్రీలు కుట్లు లెక్కపెట్టి పువ్వు అల్లారు. పలకమీద రాని లెక్క చేతివ్రేళ్ళకు వచ్చినది. మనకు ఆ పాఠము ఇంటిలోనే ఉండగా మేము అట్ట పెట్టెలలో వెతికాము.

అయిదవది, పేరువంటి అంకె. బస్సుమీది అంకె, తలుపుమీది అంకె, ఫోను నంబరు. వీటిని కూడనక్కరలేదు, తీసివేయనక్కరలేదు, గుర్తుపడితే చాలును. మన డెల్టాలో ఇటువంటి అంకె ఒకటి అందరికి తెలుసు. ధవళేశ్వరము దగ్గర నీటిమట్టము 11.75 అడుగులు అయితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తి అయిననాటినుండి ఈ నేల లెక్కమీద నిలిచిన నేల. 1986 ఆగస్టు వరద చూసినవారు ఈ సభలో ఉన్నారు. 2022 జూలై వరద అందరికి గుర్తే. లంక గ్రామాల పిల్లలకు మేము దశాంశాలు నేర్పలేము. గాని ఒకటి అంటే సంచి సర్దుకొనడము, రెండు అంటే అమ్మ ప్రక్కన ఉండడము, మూడు అంటే పడవ ఎక్కి వచ్చేయడము అని నేర్పాము. మూడు వ్రేళ్ళు చూపిస్తే సంచి తెచ్చుకొనే పిల్లవాడు ఉన్నాడు. వాడు ఏ పరీక్షలోను ఉత్తీర్ణుడు కాడు. అయినా వరదరోజున వాని తల్లి వానిని వెతుక్కోనక్కరలేదు.

ఈ పద్ధతులన్నిటికి మూలసూత్రము ఒకటే. పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీయాలి. ఒక మెట్టు వచ్చినదాకా తరువాతి మెట్టుకు పోరాదు. మొదట చెయ్యి పట్టుకొని చేయించాలి, తరువాత మాటతో, తరువాత చూపుతో, చివరకు మనము ప్రక్కకు తప్పుకోవాలి. ఒక కొట్టులో వచ్చినది రెండవ కొట్టులో రాకపోవచ్చును. అప్పుడు వాడు మరచిపోయాడని కాదు, మనము అక్కడ నేర్పలేదని అర్థము.

ఇంత ఓపిక ఎక్కడిది అని మీరు అడుగవచ్చును. పెద్దలు ఒకసారి వెనుకకు తిరిగి చూడండి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. పదహారు అణాల రూపాయి నూరు పైసలైనది. అణాకు ఆరు పైసలా, ఆరుంబావా అని ఆనాడు దేశమంతా తడబడినది. చదువుకొన్నవారుకూడ పట్టిక చూసుకొని చిల్లర ఇచ్చారు. కొట్టు ఆయన కొనేవానికి, కొనేవాడు కొట్టు ఆయనకు ఓపికగా చెప్పుకొన్నారు. అందరు ఒక్కసారే వెనుకబడ్డారు గనుక ఎవరిని ఎవరు నవ్వలేదు. నాణెము చేతిలో పెట్టుకొని, కొని, అమ్మి నేర్చుకొన్నారు. మేము ఈ పిల్లలకొరకు అడుగుతున్నది ఆనాటి ఓపికే.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి చెబుతాము. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. తండ్రి లేడు. తల్లికి ఆరోగ్యము అంతంత మాత్రము. 2024 జూలైనుండి మన రాష్ట్రములో వికలాంగుల పింఛను ఆరు వేలైనది. ఆరు వేలు అనే అంకె ఆ అమ్మాయికి ఎన్నటికి అర్థము కాదని మాకు తెలుసు. ఆరు వేలంటే పన్నెండు అయిదు వందల నోట్లు. కాబట్టి ఒక అట్టమీద పన్నెండు గళ్ళు గీసి ఇచ్చాము. గడికొక నోటు. అన్ని గళ్ళు నిండితే "సరి". ఒకటి ఖాళీగా ఉంటే "అడుగు". ఈ రెండు మాటలు నేర్పడానికి మాకు నాలుగు నెలలు పట్టినది. ఒకొక్కరోజు మేమే విసిగిపోయాము.

ఒక నెల డబ్బు ఇంటిలో ఒక చేతినుండి ఇంకొక చేతికి మారి ఆమెకు అందినది. ఆమె అట్ట పరచి నోట్లు పేర్చినది. పన్నెండవ గడి ఖాళీగా ఉన్నది. అట్ట ఎత్తుకొని ఇంటిలోవారి ముందు పెట్టి, ఆ గడిమీద వేలు పెట్టి నిలబడినది. ఏమీ అనలేదు, కదలలేదు. కొంతసేపటికి ఆ నోటు ఆ గడిలోకి వచ్చినది. ఎవరు తీశారని మేము అడుగలేదు, తల్లియు చెప్పలేదు. గాని తల్లి మాతో ఒక మాట అన్నది: "నేను పోయినాక నా పిల్ల ఎట్లాగ అనుకునేదాన్ని. ఇప్పుడు కూడ అనుకుంటాను. కాని కొంచెం తక్కువగా అనుకుంటాను." ఎక్కాలకు వచ్చిన చప్పట్లకంటె ఆ "కొంచెం తక్కువగా" అన్న మాట మాకు పెద్ద బహుమానము.

ఇక సంఘముగా మనమేమి చేయగలము?

గొప్ప భవనము కట్టమని మేము అడుగుటలేదు. మన గుడియే వీరికి మంచి బడి. గోడమీద కీర్తనల సంఖ్యలు పెట్టే పలక ఉన్నది గదా. ఆ అంకెలు పెట్టే పని ఈ పిల్లలలో ఒకరికి ఇవ్వండి. కాగితముమీద వ్రాసిన సంఖ్య చూసి, అదే సంఖ్య పలకమీద అమర్చాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ఆ సంఖ్య తెరవడము ప్రతి ఆదివారము జరిగే పాఠము. ఒక్కొక్కసారి అంకె తలక్రిందులుగా పెడతారు. ఆరు తొమ్మిది అవుతుంది. అప్పుడు సంఘమంతా ఒక్కక్షణము ఆగి, సరిదిద్ది పాడితే దేవునికి ఏమీ లోటు రాదు. పిడికెడు బియ్యము పోగుచేసే అక్కలు ఒక పిల్లను వెంట తీసుకొని వెళ్ళండి. డబ్బాతో కొలిచి ఎన్ని డబ్బాలో ఆమెచేత చెప్పించండి. కోతపండుగలో కొబ్బరికాయలు, అరటిపండ్లు లెక్కపెట్టే పని ఇవ్వండి. కానుకల లెక్క చూసే పెద్దల ప్రక్కన ఒకరిని కూర్చోబెట్టి, నాణెములను రకములుగా వేరుచేయించండి.

ఇంకొక రెండు మనవులు. పిల్లవాడు నాలుగైదేళ్ళకు కూడ లెక్క పట్టుకొనకపోతే, "పెద్దయితే వస్తుందిలే" అని ఊరుకొనకండి. సదరం శిబిరానికి, భవిత కేంద్రానికి తీసుకొని వెళ్ళండి. అట్టి కుటుంబము మీ వీధిలో ఉంటే తోడు వెళ్ళండి. ఆ తల్లి ఒక్కతే ఆ వరుసలో నిలబడకుండ చూడండి. రెండవది, ఇటువంటి బిడ్డ పుట్టినది తల్లిదండ్రుల పాపమువలన అని ఎవరైన అంటే, పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అదే ప్రశ్న అడిగినప్పుడు ప్రభువు కాదన్నాడని వారికి జ్ఞాపకము చేయండి. ఆ మాట పడలేక గుడికి రావడము మానుకొన్న తల్లులను మేము ఎరుగుదుము.

చివరిగా ఇందాక విడిచిన ప్రశ్న. మన సంఘాల జాబితాలలో ఈ పిల్లలు ఎంతమంది? మేము మా సంఘములో అడిగినప్పుడు జాబితాలో ముగ్గురు ఉన్నారు. ఇంటింటికి తిరిగినప్పుడు పదకొండుమంది ఉన్నారు. ఎనిమిదిమంది బాప్తిస్మము పొందినవారే, గాని ఎదిగేకొద్ది ఇంటి లోపలికి జరిగిపోయారు. ఎవరును వారిని వెళ్ళగొట్టలేదు. ఎవరును లెక్కపెట్టలేదు, అంతే. ఈ శతవార్షికోత్సవ సంవత్సరములో ప్రతి సంఘము ఒక్కసారి ఇంటింటికి తిరిగి ఆ లెక్క తీయవలెనని ఈ సభను వేడుకొనుచున్నాము.

మోషే ప్రార్థనగా మనము చదివే 90వ కీర్తనలో భక్తుడు దేవుని ఎదుట నిలిచి తన దినములకు లెక్క నేర్పమని అడిగాడు. దేవుని యొద్ద మనమందరము నేర్చుకొనడములో వెనుకబడినవారమే. ఆయన మనయెడల ఎన్ని ఏళ్ళు ఓపిక పట్టాడో ఈ నూరేళ్ళ చరిత్రే సాక్ష్యము. ఆ ఓపికలో కొంత ఈ పిల్లలకు పంచుదము.  ప్రభువు మన సంఘములను దీవించునుగాక. ఆమెన్.